సబ్బు తునకల పెట్టె ఖాళీ చేయడం: ప్రాజెక్టు డైరీ

విడదీత

పెట్టెలో ఉన్న సరుకు 2,600 గ్రాములు. దిమ్మె కోసినప్పుడు రెండు చివర్లా మిగిలిన పలకలు, అంచులు చెక్కితే రాలిన పొరలు, వంకరగా తెగిన బిళ్లలు, ముద్ర సరిగా పడనివి, రంగు కుదరనివి. కొన్ని గ్లిసరిన్ బేస్ (కరిగించి అచ్చు పోసుకునే రెడీమేడ్ సబ్బు) ముక్కలు తప్ప అన్నీ కాస్టిక్ సోడాతో కోల్డ్ ప్రాసెస్‌లో, అంటే ఉడికించకుండా నూనెల్లో కాస్టిక్ నీళ్లు కలిపి పోసే పద్ధతిలో చేసినవే.

ఇన్ని తునకలు ఒక్కచోట కనబడగానే చెయ్యి తురుముపీట మీదికే పోతుంది. అంతా తురిమి, కరిగించి, ఒకే దిమ్మె పోసేద్దామనిపిస్తుంది. అలా పోస్తే వచ్చేది మట్టిరంగు సబ్బు, దానికి ఏ వాసనో చెప్పలేని వాసన. ఏ తునక ఎందుకు పనికొస్తుందో ముందు తేల్చేది దానిలోని తడి. రంగూ వాసనా ఆ తర్వాతే. పోసిన రోజు సబ్బు ముద్ద బరువులో దాదాపు 20 శాతం నీళ్లే ఉంటాయి. కోసి వారం దాటని ముక్కను బొటనవేలితో నొక్కితే గుంట పడుతుంది, రెండు ముక్కలు కలిపి పిసికితే ఒకటవుతాయి. ఆరు వారాలు ఆరిన ముక్క పుటుక్కున విరుగుతుంది, ఎంత పిసికినా అతకదు. కాబట్టి మొదటి వేర్పాటు నొక్కి చూసి చేయాలి.

లెక్క ఇలా తేలింది: తడి తునకలు 450, పూర్తిగా ఆరినవి 1,800, గ్లిసరిన్ బేస్ ముక్కలు 210, చెడినవి 140.

చెడినవి అంటే నారింజరంగు మచ్చలు వచ్చి, పాత నూనె కంపు కొట్టేవి. సబ్బుగా మారకుండా మిగిలిన నూనె గాలి తగిలి ఆక్సీకరణం చెందితే ఈ మచ్చలు వస్తాయి. సూపర్‌ఫ్యాట్ (సబ్బుగా మారకుండా కావాలనే మిగిల్చే అదనపు నూనె) ఎక్కువైనా, పొద్దుతిరుగుడు లాంటి త్వరగా పాడయ్యే నూనెలు ఎక్కువైనా, ఇనుప జల్లెడ మీద ఆరబెట్టినా త్వరగా వస్తాయి. మచ్చ ఉన్నంత మేర కోసేసి మిగతాది వాడదామనుకుంటారు కొందరు. మచ్చ కనబడేసరికే పక్కనున్న నూనెలోనూ ఆ పని మొదలై ఉంటుంది. కొత్త దిమ్మెలో కలిపితే అదీ పాడవుతుంది. 140 గ్రాములూ చెత్తబుట్టలోకే.

లోపల తెల్లటి గట్టి గింజలు, తడి నిండిన ఖాళీలు కనబడిన ముక్కల్లో కలవని కాస్టిక్ ఉండొచ్చు. వాటిని తడి వేలితో రుద్ది, ఆ వేలిని నాలుక కొసకు ఒక్కసారి తాకించి చూడాలి. చురుక్కుమని షాక్ కొట్టినట్టుంటే అది పిసికే పనికి రాదు, వేరే డబ్బాలో పెట్టి చీటీ రాయాలి. ఉత్త సబ్బు రుచి తగిలితే ఫర్వాలేదు.

గ్లిసరిన్ బేస్ ముక్కలు ఎందుకు విడిగా ఉంచాలంటే, అవి కరిగే తీరే వేరు. వాటిలో గ్లిసరిన్, గ్లైకాల్, చక్కెర లాంటి ద్రావకాలు కలుపుతారు కాబట్టి వేడి తగలగానే నీళ్లలా కరిగి మళ్లీ గడ్డకడతాయి. కోల్డ్ ప్రాసెస్ సబ్బు ఎంత వేడిచేసినా అలా కరగదు, మెత్తని ముద్దవుతుంది. రెండూ కలిపితే రెండూ చెడతాయి. 210 గ్రాములను రంగులవారీగా చిన్న గిన్నెల్లో కరిగించి పొరలు పొరలుగా పోస్తే రెండు బిళ్లలైపోయాయి. పొరకూ పొరకూ మధ్య స్పిరిట్ చిలకరించకపోతే ఆరాక పొరలు విడిపోతాయి. ఇంతకుమించి వాటి గురించి చెప్పడానికేం లేదు.

పెట్టెలో మిగిలింది: 2,250.

తడి తునకలతో ముద్ద పని

తడివి ముందు వాడాలి. రెండు రోజులు ఆలస్యమైతే అవీ ఆరిన కుప్పలోకి చేరిపోతాయి. చేతిలో సమయం లేకపోతే గాలి చొరకుండా ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి, మూత గట్టి డబ్బాలో పెడితే చాలా రోజులు మెత్తగానే ఉంటాయి.

250 గ్రాముల తడి తునకలు సన్న రంధ్రాల వైపు తురిమి, చేతి తొడుగులతో ఐదు నిమిషాలు పిసకాలి. మొదట రవ్వలా విడివిడిగా ఉంటుంది, చేతి వేడి ఎక్కే కొద్దీ ముద్దకడుతుంది. అంచులు పగులుతుంటే నీళ్లు చుక్కల్లోనే వేయాలి: రెండు చుక్కలు, పిసుకు, చూడు. చెంచాతో పోస్తే పైపొర జిడ్డుగా జారిపోతుంది, లోపల మాత్రం అలాగే పొడిగా ఉంటుంది. ఆ దశ దాటితే మళ్లీ ఆరబెట్టుకోవడమే దారి.

రెసిపీని బట్టి తేడా చాలా ఉంది. కొబ్బరినూనె, ఆలివ్, ఆముదం కలిసిన మామూలు మిశ్రమం చక్కగా ముద్దవుతుంది. కొబ్బరినూనె 80 శాతం దాటిన సబ్బు రెండో రోజుకే పొడిపొడిగా రాలుతుంది. ఉప్పు కలిపిన సబ్బు అసలు ముద్దకాదు. వాటిని ఇక్కడ కుదిర్చే ప్రయత్నం వృథా.

ఈ ముద్దలో 100 గ్రాములు ఉండలు చేయడానికి, 150 గ్రాములు వేలి లావు తాళ్లుగా చుట్టడానికి. తాళ్లు తర్వాత పోసే దిమ్మెలో పొడవునా పెడితే కోసినప్పుడు ప్రతి బిళ్లలో ఒక రంగు చుక్క వస్తుంది. ఉండలు గంటసేపు ఆరాక తడి అరచేతిలో మళ్లీ ఒకసారి దొర్లిస్తే పైన గీతలు మూసుకుపోతాయి. మొదటి రెండు రోజులు ఫ్యాన్ కింద పెట్టకూడదు. పైపొర ముందు ఆరి కుంచించుకుపోతుంది, లోపలిది కుంచించుకోదు, అప్పుడే పగుళ్లు పడతాయి. గుడ్డ కప్పి ఉంచితే చాలు.

పెట్టెలో మిగిలింది: 2,000.

కొత్త దిమ్మెలో తునకలు

ఎక్కువమంది చేసేది ఇదే. చూడ్డానికి తేలికే గాని, దీన్ని చెడగొట్టే దారులు చాలా ఉన్నాయి.

కొత్త ముద్ద కొలతలు: కొబ్బరినూనె 300, ఆలివ్ నూనె 650, ఆముదం 50, మొత్తం నూనెలు 1,000 గ్రాములు. 5 శాతం సూపర్‌ఫ్యాట్‌తో కాస్టిక్ సోడా 141 గ్రాములు, నీళ్లు 282 గ్రాములు. తునకలు 350 గ్రాములు: తడివి 200, ఆరినవి 150. కాస్టిక్ లెక్కలో తునకలను కలపకూడదు, అవి ఇప్పటికే సబ్బైపోయాయి. సువాసన నూనె కూడా కొత్త నూనెల బరువు మీదే లెక్కగట్టాలి. ఈ దిమ్మెకు అసలు వేయలేదు, తునకల్లో ఉన్న వాసనే సరిపోతుంది. ముద్ద 1,423 గ్రాములైతే తునకలు దానిలో నాలుగో వంతు. అంతకు రెట్టింపు దాకా వేసేవాళ్లున్నారు గాని, ముక్కల మధ్య ముద్ద చాలక ఖాళీలు మిగులుతాయి. అచ్చు కూడా తునకలతో కలిపి 1.8 లీటర్లు పట్టేదై ఉండాలి. నూనెల లెక్క చూసి అచ్చు తీస్తే చివరి పావువంతు ముద్ద గిన్నెలోనే ఉండిపోతుంది.

కళ్లద్దాలు, తొడుగులు వేసుకుని, కాస్టిక్‌ను నీళ్లలో కొద్దికొద్దిగా పోయాలి. నీళ్లను కాస్టిక్ మీద ఎప్పుడూ పోయకూడదు, చిమ్ముతుంది.

ఆరిన 150 గ్రాముల ముక్కలకు ముందురోజు రాత్రే 10 గ్రాముల నీళ్లు స్ప్రేతో చిలకరించి మూత పెట్టాలి. ఈ పని మానేస్తే దిమ్మె పోసిన రోజు ఏమీ తెలియదు, నెల తర్వాత తెలుస్తుంది. ఎండు ముక్క చుట్టూ ఉన్న ముద్దలోంచి తడి పీల్చుకుంటుంది. ఆ తర్వాత కొత్త సబ్బు ఆరుతూ కుంచించుకుపోతుంది గాని పాత ముక్క కుంచించుకోదు. ముక్క చుట్టూ వెంట్రుకంత సందు పడుతుంది, బిళ్ల మీద చెయ్యి రాస్తే ముక్కలు గరుగ్గా పైకి తగులుతాయి. వాడుతున్నప్పుడు ఆ సందుల్లో నీళ్లు చేరి ముక్కలు ఊడిపోతాయి.

ముక్కల సైజు 5 నుంచి 10 మిల్లీమీటర్లు. పలుచని పలకలు అడ్డంగా పడితే వాటి కింద గాలి చిక్కుకుంటుంది, అందుకే పలకలను గళ్లుగా కోయడం మేలు. తునకల పొడి ఉంటే ముందే జల్లించి తీసేయాలి. సబ్బు పొడి నూనెనూ నీళ్లనూ కలిపి పట్టేస్తుంది కాబట్టి ముద్ద అనుకున్నదానికన్నా ముందే చిక్కబడుతుంది.

ఎప్పుడు కలపాలన్నది ఇక్కడ అసలు కిటుకు. ట్రేస్ (నూనెలు, కాస్టిక్ నీళ్లు కలిసి చిక్కబడే దశ) పలుచగా ఉన్నప్పుడు వేస్తే తునకలన్నీ అడుగుకు దిగిపోతాయి, బాగా చిక్కబడ్డాక వేస్తే గాలిబుడగలు బయటికి రావు. బ్లెండర్ ఎత్తి చూసినప్పుడు జారిన ధార ముద్ద పైన గీతలా నిలిచి, నాలుగైదు సెకన్లకు కలిసిపోతుంటే అదే సమయం. బ్లెండర్ తీసేసి గరిటెతో మాత్రమే కలపాలి. ముద్ద 35 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య, తునకలు గది వేడిలో ఉండాలి. చల్లటి చోటునుంచి తెచ్చి నేరుగా వేస్తే ముద్ద చల్లబడి, కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది గనక, చిక్కబడ్డట్టు కనిపిస్తుంది. అది నిజమైన ట్రేస్ కాదు, తర్వాత నూనె పైకి తేలుతుంది.

సగం పోశాక ఒకసారి, అంతా పోశాక ఇంకోసారి అచ్చును బల్ల మీద గట్టిగా కొట్టాలి. 18 నుంచి 24 గంటల మధ్య, సన్నటి కత్తితో కోయాలి. తీగతో కోస్తే తీగ గట్టి ముక్కలను ఈడ్చి గీతలు వదులుతుంది.

రంగుల విషయంలో ఒక్క హెచ్చరిక: వెనిలిన్ (వెనిలా వాసననిచ్చే పదార్థం) ఉన్న సువాసనలతో చేసిన తునకలు గోధుమరంగుకు తిరుగుతాయి, ఆ రంగు పక్కనున్న తెల్ల ముద్దలోకి మెల్లగా పాకుతుంది. ఐరన్ ఆక్సైడ్, అల్ట్రామెరైన్ రంగులు కదలవు.

పెట్టెలో మిగిలింది: 1,650, అన్నీ ఆరినవే.

రీబ్యాచ్

రీబ్యాచ్ అంటే పాత సబ్బును తురిమి, నీళ్లతో వేడిచేసి మళ్లీ అచ్చు పోయడం. ఒకే రకం వాసన, దగ్గరి రంగులు ఉన్న 700 గ్రాములు దీనికి కేటాయింపు. సన్నగా తురమాలి. ముక్కలుగా వేస్తే బయట ముద్దయ్యేసరికి లోపల గట్టిగానే ఉంటుంది, చివరికి బిళ్లలో మచ్చలు కనిపిస్తాయి.

నీళ్లు 140 గ్రాములు, అంటే తురుము బరువులో 20 శాతం. కానీ ముందు 100 మాత్రమే పోసి, మూతపెట్టి గంటసేపు నానబెట్టాలి. వేడి పెట్టాక నీళ్లు చాలవనిపిస్తుంది, మరో గ్లాసు పోయాలనిపిస్తుంది. రీబ్యాచ్ చెడేది ఎక్కువగా ఇక్కడే. నీళ్లెక్కువైతే ముద్ద అందంగానే జారుతుంది, అచ్చులోనూ నున్నగా కూర్చుంటుంది, కానీ ఆరేకొద్దీ నడుము పీక్కుపోయి, మూలలు వంగుతాయి. వారం దాటని తడి తురుమైతే 5 శాతం నీళ్లే ఎక్కువ.

డబుల్ బాయిలర్‌లో (వేడినీళ్ల గిన్నెలో పెట్టిన ఇంకో గిన్నెలో), మూతపెట్టి, 75 నుంచి 85 డిగ్రీల మధ్య గంట నుంచి గంటన్నర. పావుగంటకోసారి అడుగునుంచి పైకి తిరగేస్తే చాలు. గిలకొడితే నురుగు కలిసి బిళ్ల తేలికగా, రంధ్రాలతో వస్తుంది. అంచులు పారదర్శకంగా మారి, మధ్యలో రవ్వ తగలకుండా గరిటెకు బరువుగా అంటుకుంటే అయినట్టే. అప్పుడు 60 శాతం సోడియం లాక్టేట్ ద్రావణం 9 గ్రాములు కలిపితే ముద్ద కాస్త జారుడవుతుంది, అచ్చులో మూలలకు చేరుతుంది. సువాసన వేయాలనుకుంటే 70 డిగ్రీల కిందికి దిగాక, 10 గ్రాములకు మించకుండా.

అచ్చులోకి ఒకేసారి పెద్ద ముద్దగా దించి, గరిటె వెనుకవైపు తడిపి అణచాలి. చిన్న చిన్న ముద్దలుగా వేస్తే ముద్దకూ ముద్దకూ మధ్య గీతలు అలాగే ఉండిపోతాయి. పైభాగం ఎలాగూ గరుకుగానే వస్తుంది. దాన్ని నున్నగా చేయాలని అరగంట తంటాలు పడేకన్నా ఆరాక పీలర్‌తో చెక్కేస్తే సరి. ఆ చెక్కిన పొరలు మళ్లీ పెట్టెలోకే వస్తాయనేది వేరే సంగతి.

కాస్టిక్ ఎప్పుడో కలిసిపోయింది కాబట్టి ఇక్కడ ఆరబెట్టేది నీళ్లు పోవడానికి మాత్రమే. వారానికోసారి తూచి, రెండు వారాలు వరుసగా బరువు మారకపోతే వాడొచ్చు. దాదాపు 850 దగ్గర మొదలైన బరువు మళ్లీ 700 చుట్టుపక్కల ఆగుతుంది.

పెట్టెలో మిగిలింది: 950.

ఉప్పుతో విడదీయడం

పరిమళాలు కలగాపులగమైన 500 గ్రాములకు ఇది తప్ప మంచి దారి లేదు. సబ్బు మంచినీళ్లలో కరుగుతుంది, గట్టి ఉప్పునీళ్లలో కరగదు. కరిగించిన సబ్బులో ఉప్పు పెంచుతూ పోతే సబ్బు పెరుగులా విడిపోయి పైకి తేలుతుంది. గ్లిసరిన్, కలవని కాస్టిక్, నీటిలో కరిగే రంగులు కింద ఉప్పునీళ్లలో ఉండిపోతాయి.

స్టీలు గిన్నె, కనీసం 6 లీటర్లు పట్టేది. అల్యూమినియం వద్దు, క్షారం దాన్ని తింటుంది. తురిమిన సబ్బు 500 గ్రాములు, నీళ్లు 2 లీటర్లు. మెల్లగా 85 డిగ్రీల దాకా వేడిచేస్తూ పూర్తిగా కరిగించాలి. గిన్నె సగానికి మించి నిండకూడదు. మరుగు పట్టిందంటే సబ్బు నురుగు క్షణంలో అంచు దాటుతుంది. పక్కన ఒక గ్లాసు చల్లటి నీళ్లు ఉంచుకుంటే, పొంగుతున్నప్పుడు కాసిని చల్లితే అణుగుతుంది.

కరిగాక ఉప్పు 300 గ్రాములు, మూడు విడతలుగా. ప్రతి విడతకూ ఐదు నిమిషాలు కలుపుతూ గమనించాలి. మొదటి విడతకు ద్రవం చిక్కబడుతుంది, రెండో విడతకు విరిగినట్టు కనిపిస్తుంది. గరిటెతో కొంచెం తీసి పింగాణీ పళ్లెం మీద వేసి పళ్లెం వంచితే, తేటనీళ్లు విడిగా జారి సబ్బు రవ్వ అక్కడే నిలవాలి. జారే నీళ్లు ఇంకా జిగురుగా ఉంటే మరో 50 గ్రాములు వేయాలి. కొబ్బరినూనె ఎక్కువున్న సబ్బు మొండిది. ఉప్పునీళ్లలోనూ నురుగిచ్చే సబ్బది కాబట్టి దానికి ఉప్పు చాలా ఎక్కువ కావాలి. కొబ్బరి 30 శాతం దాటిన తునకలను ఈ కుప్పలోకి రానివ్వకపోవడమే నయం.

మంట ఆర్పి రాత్రంతా కదపకుండా వదిలేస్తే పైన మందంగా సబ్బు పలక, కింద రంగు తిరిగిన నీళ్లు. పలక తీసి చల్లటి ఉప్పునీళ్లతో కడగాలి. మామూలు నీళ్లతో కడిగితే సబ్బు మళ్లీ కరిగి పోతుంది. కింది నీళ్లు మొక్కలకు పోయకూడదు.

ఏది పోతుంది, ఏది పోదు? వాసనలో చాలా భాగం ఆవిరితో పోయింది, కొంత మిగిలింది. నీటిలో కరిగే రంగు దిగిపోయింది. ఆక్సైడ్ రంగుల పొడి కరగదు గనక కొంత అడుగుకు చేరింది, కొంత సబ్బులోనే చిక్కుకుని లేత బూడిద ఛాయ ఇచ్చింది. సూపర్‌ఫ్యాట్ నూనె కూడా సబ్బుతోనే ఉంటుంది, దాన్ని ఉప్పు తీయలేదు. కాబట్టి ఈ పద్ధతితో చెడిన తునకలను బాగుచేయొచ్చనుకోవడం పొరపాటు.

ఇలా విడిపోయిన సబ్బు రవ్వరవ్వగా, పొడిగా ఉంటుంది. దాన్ని గుడ్డలో మూటకట్టి పిండి, 50 గ్రాముల నీళ్లతో డబుల్ బాయిలర్‌లో మెత్తబరచి, అచ్చులో బరువు పెట్టి అణిచితేనే బిళ్ల కడుతుంది. వేడి తగ్గకముందే, ఆ సాయంత్రమే కోసేయాలి. మర్నాటికి కత్తి కింద పెళ్లలుగా విరుగుతుంది. గ్లిసరిన్ పోయింది కాబట్టి ఒంటికి ఇది కాస్త పొడిబారినట్టుంటుంది. చేతులు కడిగే చోటికి, గిన్నెల బ్రష్ పక్కకు బాగా సరిపోతుంది.

పెట్టెలో మిగిలింది: 450.

బట్టల పొడి, ఆ పక్కనే ద్రవ సబ్బు ప్రస్తావన

300 గ్రాములు ఎండలో కాకుండా గాలికి పూర్తిగా ఆరబెట్టి, తురిమి, మళ్లీ ఒక రోజు ఆరనిచ్చి, 300 గ్రాముల వాషింగ్ సోడాతో కలిపి మిక్సీలో పొడిచేయాలి. తురుములో తడి ఉంటే బ్లేడు కింద ముద్దకడుతుంది. ఆగాక పది నిమిషాలు మూత తీయొద్దు, ఆ దుమ్ము ముక్కులోకి పోతే తుమ్ములు ఆగవు.

10 లీటర్ల గోరువెచ్చని నీళ్లకు 2 టేబుల్ స్పూన్లు. కఠిన జలంలో ఉండే కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి బూడిదరంగు తెట్టు కడతాయి. వాషింగ్ సోడా ముందుగా కాల్షియంను పట్టేస్తుంది, అందుకే సోడాను తగ్గించకూడదు. సూపర్‌ఫ్యాట్ 8 శాతం, ఆ పైన ఉన్న తునకలు ఈ పొడికి వద్దు, ఆ నూనె తువ్వాళ్లలో ఉండిపోయి నీళ్లు పీల్చనివ్వదు. పట్టు, ఉన్ని మీద అసలే వాడొద్దు.

తునకలు నీళ్లలో వేసి హ్యాండ్‌వాష్ చేసుకోవచ్చని అందరూ చెబుతారు. 50 గ్రాముల తురుము, 500 మిల్లీలీటర్ల వేడినీళ్లు కలిపితే ఆ రాత్రికి ద్రవంలా ఉంటుంది, తెల్లారేసరికి చీమిడిలా సాగుతుంది, పంపులో దిగదు. బిళ్ల సబ్బు సోడియం సబ్బు, చల్లబడితే గడ్డకట్టడం దాని గుణం. సీసాలో పోసే సబ్బుకు పొటాషియం హైడ్రాక్సైడ్‌తో చేసింది కావాలి. పలుచన చేద్దామని నిమ్మరసమో వెనిగరో పిండితే సబ్బు విరిగి కొవ్వు ఆమ్లాలు తెల్లగా తేలతాయి. 1 వంతు సబ్బుకు 3 వంతుల నీళ్లతో పేస్టుగా ఉంచుకుంటే సింకు, నేల రుద్దడానికి బాగుంటుంది. అదీ వారానికి సరిపడా మాత్రమే, నీళ్లు చేరిన సబ్బుకు బూజు పడుతుంది.

పెట్టెలో మిగిలింది: 150.

చివరి గుప్పెడు

పలుచని తెల్ల పలకలు 40 గ్రాములు కుట్టుపనికి తీసిపెట్టాలి. ముదురు బట్ట మీద సుద్దకన్నా సన్నటి గీత పడుతుంది, ఉతికితే పోతుంది. సూపర్‌ఫ్యాట్ ఎక్కువున్న ముక్క అయితే ఇస్త్రీ వేడికి నూనె మరక మిగలొచ్చు, ముందు గుడ్డపీలిక మీద గీసి ఇస్త్రీ చేసి చూడాలి.

60 గ్రాముల చిల్లర ముక్కలు వల సంచిలో. నూలు సంచికన్నా నారతో అల్లింది త్వరగా ఆరుతుంది. నీళ్లు కారిపోయేలా వేలాడదీయకపోతే లోపలంతా ఒకే జిగురు ముద్దవుతుంది.

మిగతా 50 గ్రాముల్లో బిగుసుకున్న చెక్క సొరుగు అంచులకు, జిప్పు పళ్లకు రుద్దడానికి ఒక గట్టి ముక్క. మరమేకుల (స్క్రూల) మీద రుద్దమని కూడా సలహా ఇస్తుంటారు. మర తేలిగ్గా దిగుతుంది, నిజమే, కానీ సబ్బు తేమను పట్టి ఉంచడంవల్ల ఇనుప మర లోపల తుప్పు పట్టి, తీయాల్సి వచ్చినప్పుడు తల తెగుతుంది. దానికి మైనం వాడటం మేలు.